హస్సిసెన్ కోనె ఎందుకు గుర్తుండిపోయింది?

మీరు అడిగినది ఇది: ఫిన్లాండ్‌కు చెందిన హస్సిసెన్ కోనె అనే పోస్ట్-పంక్ రాక్ బృందం 1980లో మొదటి రికార్డు తెచ్చింది, 1982లో విడిపోయింది. వాళ్ళ ఇంగ్లీషు రికార్డు ‘హై టెన్షన్ వైర్’ మీరు విన్నారు. అది ఆనాటి అమెరికా, బ్రిటన్ బృందాలకు నీడలా అనిపించింది. ఫిన్లాండ్ దాటితే పేరు కూడా తెలియని ఈ బృందాన్ని అక్కడివాళ్ళు ఇప్పటికీ నెత్తిన పెట్టుకోవడం వయసు మీదపడినవారి మమకారమా, లేక వాళ్ళు నిజంగా వదిలి వెళ్ళినది ఏమైనా ఉందా?

ఉంది. కాకపోతే మీరు ఆ ఇంట్లోకి పెరటి గుమ్మం నుంచి వెళ్ళారు. ‘హై టెన్షన్ వైర్’ వాళ్ళ మూడో ఫిన్నిష్ రికార్డు ‘హర్సొయినెన్ తెరస్’కు ఇంగ్లీషు రూపం. ఒక భాషలో పుట్టిన పాటను అదే బాణీలో ఇంకో భాషలోకి దించితే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పాలా? తమిళం నుంచి వచ్చిన డబ్బింగ్ పాటలు వింటూ పెరిగినవాళ్ళం. బాణీ చెక్కుచెదరదు, వాద్యాలూ అవే, గొంతు కూడా ఒక్కోసారి అదే. కానీ మాట పడవలసిన చోట పడదు, దీర్ఘం ఉండకూడని చోట సాగుతుంది. ఆ రికార్డు విని హస్సిసెన్ కోనెను అంచనా వేయడం, డబ్బింగ్ పాట విని మూలకవి చేతకానివాడని తేల్చడం లాంటిది.

నేను పదకొండేళ్ళు ఫిన్లాండ్‌లోని తంపెరె నగరంలో ఉద్యోగం చేశాను. ఫిన్నిష్ నేర్చుకున్నది సగం తరగతి గదిలో, సగం ఈ పాటల్లో. అందుకే ఈ సమాధానం కొంచెం పొడుగవుతుంది.

ముందు ఊరి సంగతి. ఆ బృందం పుట్టిన యొయెన్సూ ఫిన్లాండ్‌కు తూర్పు కొసన, ఉత్తర కరేలియా ప్రాంతానికి ముఖ్య పట్టణం. అప్పట్లో యాభై వేల లోపు జనాభా. అక్కడి నుంచి సోవియట్ సరిహద్దు డెబ్బై కిలోమీటర్ల దూరం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కరేలియాలో పెద్ద భాగం సోవియట్ యూనియన్ చేతిలోకి పోయింది, నాలుగు లక్షలకు పైగా జనం ఇళ్ళు వదులుకుని ఇటు వచ్చారు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పల్లెలు ఖాళీ కావడం మొదలైంది. పొలమూ అడవీ నమ్ముకున్నవాళ్ళు హెల్సింకీకో స్వీడన్ కర్మాగారాలకో తరలిపోయారు. 1969, 1970 ఈ రెండేళ్ళలోనే దాదాపు ఎనభై వేలమంది స్వీడన్ వెళ్ళారు. దేశం మొత్తం జనాభా అప్పటికి నలభై ఆరు లక్షలు. ఆ లెక్కన ఒక్కో వీధిలో ఎన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయో ఊహించుకోండి.

బృందం గాయకుడు ఇస్మో అలంకో అలాంటి ఊళ్ళో పెరిగాడు. 1960లో పుట్టినవాడు, కాబట్టి మొదటి రికార్డు నాటికి ఇరవై ఏళ్ళు నిండీ నిండనివాడు. పాటా గిటారూ అతనివి. రెండో గిటారు రెయియో హెయిస్కనెన్, బేస్ గిటారు యుస్సి కిన్నునెన్, డ్రమ్స్ హర్రి కిన్నునెన్. బృందానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఊళ్ళో గృహోపకరణాలూ కుట్టుమిషన్లూ అమ్మే ఒక కొట్టుది. హస్సినెన్ అనేది ఇంటిపేరు, షష్ఠీ విభక్తిలో అది హస్సిసెన్ అవుతుంది. ‘కోనె’ అంటే యంత్రం. హస్సినెన్ గారి యంత్రం, అంతే. మన ఊరి బజారులో బోర్డు మీద ఉన్న పేరును నలుగురు కుర్రాళ్ళు తీసుకుని పాటల బృందానికి తగిలించినట్టు.

ఈ పేరు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు మాత్రం అక్కడే వాళ్ళ తత్వమంతా ఉంది. డెబ్బైలలో ఫిన్లాండ్‌లో అందరికన్నా ఎక్కువగా వెలిగిన రాక్ బృందం హరిగేన్స్. వాళ్ళ పాటలు ఇంగ్లీషులో ఉండేవి, పేరు కూడా ఇంగ్లీషు ధ్వనితోనే. దానికి ఎదురుగా తంపెరెలో యూయిస్ లెస్కినెన్ లాంటివారు ఫిన్నిష్‌లో రాక్ రాయవచ్చని అప్పటికే చూపించారు. పంక్ అనే మోటైన, వేగమైన రాక్ వచ్చాక, పక్కనే ఉన్న యూలొయార్వి నుంచి ఎప్పు నొర్మాలి బృందం వచ్చింది. కాబట్టి ఫిన్నిష్‌లో మొదట పాడినవాళ్ళు హస్సిసెన్ కోనె అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. ఆ ఘనత వాళ్ళది కాదు. అప్పటిదాకా ఫిన్నిష్ రాక్ మాట ఎక్కువగా చమత్కారం మీదా కథ చెప్పడం మీదా నడిచేది. వీళ్ళు ఆ మాటను తాళవాద్యంగా వాడారు. నా దృష్టిలో వాళ్ళ ఆస్తి మొత్తం ఇదే.

దీన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే తెలుగువాళ్ళకు ఇది చాలా తేలికగా పట్టుబడుతుంది. ఫిన్నిష్‌లో ‘తులి’ అంటే నిప్పు. ‘తూలి’ అంటే గాలి. ‘తుల్లి’ అంటే సుంకం. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మారితే అర్థమే మారిపోతుంది. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు ఈ తేడా వినడానికి నెలల తరబడి తంటాలు పడతారు. మనకు మడి, మాడి, మడ్డి పుట్టుకతో వచ్చాయి. నాతోపాటు తరగతిలో కూర్చున్న ఇతర దేశాలవారు పలకలేక అలసిపోతుంటే, నేను గురువులూ లఘువులూ లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. ఫిన్నిష్ పదం ఎంత పొడుగున్నా ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే. ఇంగ్లీషు పాటలో ఊనిక లేని చిన్న మాట ఒకటి ముందు జారి, ఆ తరువాత తాళం మీద బరువైన మాట పడుతుంది. ఫిన్నిష్‌లో అలా జారే చిన్న మాటలు తక్కువ, అది విభక్తులను పదం చివర తగిలించుకునే భాష. పదం నోట్లోంచి రావడమే దెబ్బతో వస్తుంది, ఆ తరువాత నాలుగైదు అక్షరాలు దాని వెనక దొర్లుతాయి.

ఇంగ్లీషు రాక్ బాణీని తెచ్చి దాని మీద ఈ భాషను పరిస్తే పాట కుంటుతుంది. అలంకో కుంటనివ్వలేదు. బాణీనే మాటకు లొంగదీశాడు. మొదటి అక్షరాన్ని తాళం మీద వేసి, మిగిలిన అక్షరాలను గిటారు గీతల మధ్య ఇరికించి, దీర్ఘం వచ్చిన చోట డ్రమ్స్‌ను ఆగమన్నాడు. యుస్సి కిన్నునెన్ బేస్ ఆ దీర్ఘాల కింద నడుస్తూ ఉంటుంది. పోస్ట్-పంక్ అంటే స్థూలంగా ఇంతే కదా: 1976-77 నాటి పంక్ ఊపు తగ్గాక, గిటారును వెనక్కి జరిపి బేస్‌నూ తాళాన్నీ ముందుకు తెచ్చి, రెగె, ఫంక్, ఆఫ్రికా తాళాలు ఏవి దొరికితే అవి కలుపుకున్న సంగీతం. తాళమే ప్రధానమైన సంగీతానికి పదంలోనే తాళం ఉన్న భాష దొరికింది. ఈ జోడీ కుదర్చడం పదాలతో చెప్పినంత సులువు కాదు.

ఇక మొదటి రికార్డు. 1980లో వాళ్ళు ఫిన్లాండ్ జాతీయ రాక్ పోటీల్లో గెలిచారు. అదే ఏడాది తంపెరెకు చెందిన పొకొ అనే రికార్డుల సంస్థ ‘తాల్తా తుల్లాన్ వెనయా’ విడుదల చేసింది. ‘ఇదిగో వస్తున్నాం, రష్యా’ అని అర్థం. ఈ పేరులో ఎంత తెగువ ఉందో తెలియాలంటే ఆనాటి వాతావరణం తెలియాలి. సోవియట్ యూనియన్‌తో కుదిరిన 1948 నాటి మైత్రీ ఒప్పందం నీడలో ఫిన్లాండ్ ఉంది. 1956 నుంచి ఉర్హొ కెక్కొనెనే అధ్యక్షుడు. తూర్పు పొరుగుదేశం గురించి పత్రికల్లో, రేడియోలో ఎవరూ చెప్పకుండానే నోరు అదుపులో పెట్టుకునేవారు. అధికారికంగా మాట్లాడేటప్పుడు సోవియట్ యూనియన్ అని పూర్తి పేరు అనేవారు. ‘వెనయా’ అనేది ఇళ్ళలో తాతలు వాడే పాత పేరు, యుద్ధం జ్ఞాపకాలు అంటుకున్న పేరు. సరిహద్దుకు డెబ్బై కిలోమీటర్ల దూరంలో పెరిగిన కుర్రాళ్ళు ఆ మాటను రికార్డు అట్ట మీద వేశారు. ఇది రాజకీయ ప్రకటన అని కొందరంటారు. నేను అలా అనను. ఇంట్లో వాడే మాటను వీధిలోకి తెచ్చారు, అంతవరకే. కానీ ఆ రోజుల్లో అంతవరకే చాలా ఎక్కువ.

ఈ రికార్డులోనే ‘రప్పియొల్ల’ అనే పాట ఉంది. చెడిపోయి, దిగజారి ఉన్న స్థితిని చెప్పే మాట అది. దీని సంగతి ఒక రాత్రి తెలిసింది నాకు. డిసెంబరులో ఆఫీసుల్లో క్రిస్మస్‌కు ముందు విందు చేసుకుంటారు. మా విభాగంలో ఒకాయన ఉండేవారు, యాభై దాటిన మనిషి. నాలుగేళ్ళు పక్క బల్ల దగ్గర కూర్చున్నా నాతో మాట్లాడిన మాటలు లెక్కపెట్టవచ్చు. మర్యాద లేక కాదు, అక్కడ మౌనం కూడా మర్యాదే. విందు తరువాత కరోకె పెట్టారు. ఆయన లేచి వెళ్ళి మైకు తీసుకుని ఈ పాట అందుకున్నారు. తెర మీద అక్షరాలు వస్తూనే ఉన్నాయి, ఆయన తెరకు వీపు పెట్టి మావైపు తిరిగి పాడారు. రెండో చరణానికి గదిలో అందరూ అందుకున్నారు, ఇరవై ఐదేళ్ళ ప్రోగ్రామర్లతో సహా. ఆ పాట వచ్చినప్పటికి పుట్టనివాళ్ళు వాళ్ళు. మీరడిగిన మమకారం సంగతి అక్కడే తేలిపోతుంది. మమకారం అయితే ఆ తరంతో ఆగిపోవాలి.

రెండో రికార్డు ‘రుమత్ సవెలెత్’ 1981లో వచ్చింది. పేరుకు అర్థం ‘వికారమైన స్వరాలు’. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇది. మొదటి రికార్డు బాగా అమ్ముడైతే అలాంటిదే ఇంకొకటి చేయమని చుట్టూ ఉన్నవాళ్ళంతా అంటారు. వీళ్ళు పాటలను ఇంకా బిగించి, ఇంకా కోసుగా చేసి, దానికి ఆ పేరు పెట్టారు. పేరుప్రఖ్యాతుల మీద విసుగు, ఒక్కచోట నిలవనివ్వని కాళ్ళు, జనం కళ్ళ ముందు బతకడంలో ఉండే ఇరుకు అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో ఈ రికార్డు దొరికింది నాకు. ఇంటికి తెచ్చి అట్టలోంచి తీస్తే, గళ్ళ నోటుపుస్తకం కాగితం ఒకటి మడతపెట్టి ఉంది. ఎవరో పెన్సిలుతో ఒక పాట మొత్తం రాసుకున్నారు. ఒక పాదంలో ఒక మాట మూడుసార్లు చెరిపి రాసిన మచ్చ ఉంది, కాగితం అక్కడ పలచబడి వెలుతురు కనిపిస్తోంది. విని రాసుకున్నట్టుంది, ఆ మాట సరిగ్గా వినపడలేదన్నమాట. సొంత భాషలో పాట ఇది. అయినా ఒక్క మాట తప్పిపోతుందని అంత పాటు పడ్డారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

అదే 1981 వేసవిలో జరిగిన సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. ఫిన్లాండ్‌లో సాయ్‌మా అనే పెద్ద సరస్సు ఉంది. హస్సిసెన్ కోనె, ఎప్పు నొర్మాలి, యూయిస్ లెస్కినెన్ బృందం హెయినవెసి అనే పాత ఆవిరి నౌక ఎక్కి, ఆ సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్ళలో కచేరీలు చేస్తూ వెళ్ళారు. ఆ ప్రయాణాన్ని మికా కౌరిస్‌మాకి, ఆకి కౌరిస్‌మాకి అన్నదమ్ములు చిత్రీకరించారు. ‘సాయ్‌మా-ఇల్మియొ’ అనే ఆ డాక్యుమెంటరీ ఆకికి దర్శకుడిగా మొదటి పని. తరువాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆ దర్శకుడు మొదట కెమెరా తిప్పింది ఈ కుర్రాళ్ళ వైపే. సంగీతం తెలియకపోయినా ఆ చిత్రం చూడండి. చెమట కారుతున్న అలంకో ముఖం, ఆ వెంటనే చలనం లేని నీళ్ళు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో వివరించనక్కరలేదు.

మూడోది ‘హర్సొయినెన్ తెరస్’, 1982. ‘జల్లెడబట్టలాంటి ఉక్కు’ అనుకోవచ్చు. కీబోర్డు, సాక్సఫోను, అదనపు తాళవాద్యాలు చేరాయి. అమెరికా బృందం టాకింగ్ హెడ్స్ ఛాయలు ఉన్నాయని మీరు గమనించింది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఫిన్నిష్ రూపంలో వింటే ఆ ఛాయ మీద అలంకో నోరు పరిచిన మాటల వల్ల పాట ఇంకో దారి పడుతుంది. ఇంగ్లీషు రూపంలో ఆ నోరు లేదు, ఛాయ ఒక్కటే మిగిలింది. మీకు వినపడింది అదే. విదేశాల్లో దారి తెరుచుకుంటుందని చేసిన ఆ ప్రయత్నం ఎటూ తీసుకువెళ్ళలేదు. ఆ ఏడాదే బృందం విడిపోయింది.

విడిపోవడం కూడా వారసత్వంలో భాగమే అంటాను నేను. పేరూ డబ్బూ వస్తున్నప్పుడు, ఇరవై రెండేళ్ళైనా నిండకముందు ఆపేశాడు అలంకో. 1983లో జుక్క ఒర్మ, యౌకొ హొహ్కొ, ఆల్ఫ్ ఫోర్స్‌మన్‌లతో ‘సియెలున్ వెల్యెత్’ మొదలుపెట్టాడు. ‘ఆత్మ సోదరులు’ అని అర్థం. ఇది ఇంకా మోటు సంగీతం. బాణీ దాదాపు లేదు, ఒకే తాళం పదేపదే తిరుగుతూ పూనకం వచ్చేదాకా సాగుతుంది. మొదటి రికార్డే ప్రత్యక్ష కచేరీ నుంచి తీసినది. కరేలియాలో రూన పాటలని పాత జానపద గేయాలున్నాయి, పాదానికి ఎనిమిది అక్షరాలు, మొదటి అక్షరం మీద ఊనిక. ఎలియాస్ లోన్‌రొత్ పందొమ్మిదో శతాబ్దంలో కాలినడకన తిరిగి వాటిని సేకరించి 1835లో ‘కలెవల’ అనే ఇతిహాసం, 1840లో ‘కంతెలెతర్’ అనే పాటల సంకలనం కూర్చాడు. ఆయనకు ఎన్నో పాటలు పాడి వినిపించిన మతెలి కుయివలతర్ అనే ఆమెది యొయెన్సూకు తూర్పున ఉన్న ఇలొమంత్సి ప్రాంతమే. అలంకో వాటిని అనుకరించాడని నేను అనడం లేదు. కానీ ఆ నేల మీద పుట్టిన మాట ఏ తాళం కోరుకుంటుందో అతని చెవికి తెలుసు. సియెలున్ వెల్యెత్ వింటుంటే నాకు ప్రతిసారీ ఆ ఎనిమిది అక్షరాలే వినపడతాయి.

1990లో అలంకో తన పేరుతో తెచ్చిన మొదటి రికార్డు ‘కున్ సుయొమి పుతొస్ పూస్త’. ‘ఫిన్లాండ్ చెట్టు మీంచి జారిపడ్డప్పుడు’. నేను మొదట్లో చెప్పిన ఖాళీ అయిన పల్లెలు గుర్తున్నాయా? అడవిలోంచి తిన్నగా అపార్టుమెంట్లలోకి వచ్చిపడిన దేశం గురించి ఇంత పొట్టిగా చెప్పిన మాట ఇంకొకటి నాకు తెలియదు. హస్సిసెన్ కోనెలో పదును పెట్టుకున్న నాలుకే ఇక్కడ మాట్లాడింది.

వారసత్వం అంటే ఎవరెవరు ఎవరిని అనుకరించారన్న జాబితా అడుగుతారు చాలామంది. నాకు ఆ జాబితాల మీద పెద్ద నమ్మకం లేదు. అలంకో తమ్ముడు ఇల్క పాడే నెల్య రూసువ కూడా యొయెన్సూ బృందమే, అది కూడా దేశమంతా పేరు తెచ్చుకుంది, కానీ దాని సంగీతం వేరు. అనుకరణ వెతికితే దొరకదు. దొరికేది ఇంకొకటి. చిన్న ఊరివాళ్ళు చిన్న ఊరి మాటలతో, హెల్సింకీ వైపు గానీ లండన్ వైపు గానీ చూడకుండా కొత్త సంగీతం చేయవచ్చా అన్న ప్రశ్న తొంభైలలో ఫిన్నిష్‌లో పాడిన బృందాలకు ఎదురు కాలేదు. అది అప్పటికే తీరిపోయిన ప్రశ్న. ఇలాంటి వారసత్వానికి ఒక ఇబ్బంది ఉంది: అది పూర్తిగా పనిచేసిన చోట కంటికి కనిపించదు. బయటివాళ్ళకు ఆ బృందం అనామకంగా ఉండిపోవడానికి కారణం కూడా అదేనని నా అభిప్రాయం. వాళ్ళు సాధించినది భాష లోపల ఉంది. భాష రానివాళ్ళకు మిగిలినవి గిటారూ డ్రమ్సూ మాత్రమే, అవి మిగతా ప్రపంచంలోనూ దొరుకుతాయి.

2000లో బృందం మళ్ళీ కలిసి సొంత ఊళ్ళో, ఇలొసారిరోక్ ఉత్సవంలో వాయించింది. 1971 నుంచి యొయెన్సూలో జరుగుతున్న పండుగ అది. ఆ కచేరీ ‘ఇరవై ఏళ్ళ తరువాత’ అనే పేరుతో రికార్డుగా కూడా వచ్చింది. నేను దాన్ని ఒకటి రెండుసార్లు మాత్రమే విన్నాను. వాయింపు శుభ్రంగా ఉంది, గొంతు పండింది, కానీ 1981 నాటి కోపం అందులో వెతక్కూడదు. వినదగినది జనం గొంతు. ప్రతి అక్షరం వాళ్ళకు వచ్చు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలంటే, ‘రుమత్ సవెలెత్’తో. ఇంగ్లీషు రికార్డును కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మొదటిసారి అర్థం కోసం చూడకండి, పాటల సాహిత్యం ముందు పెట్టుకుని దీర్ఘం ఎక్కడ ఉంది, ద్విత్వం ఎక్కడ ఉంది అని మాత్రం గమనించండి. ఫిన్నిష్‌లో రాసినట్టే పలుకుతారు, రెండు అచ్చులు పక్కపక్కన ఒకేలా ఉంటే దీర్ఘం, రెండు హల్లులు ఉంటే ద్విత్వం. చేత్తో తాళం వేసుకుంటూ ప్రతి పదం మొదటి అక్షరం మీద దెబ్బ వేయండి. మూడో పాటకల్లా మీ చెయ్యి, హర్రి కిన్నునెన్ చెయ్యి ఒకేచోట పడుతుంటాయి. అక్కడి నుంచి వెనక్కి వెళ్ళి మొదటి రికార్డు వినండి, తరువాత ‘హర్సొయినెన్ తెరస్’. ఆఖరున కావాలంటే ‘హై టెన్షన్ వైర్’ మళ్ళీ పెట్టి, ఏ ఏ చోట్ల దెబ్బ తప్పిందో మీరే చూడండి.